ఎముక మూలుగలో పుట్టే కాపలా

మీ ఎడమ చేతి పైభాగాన, భుజానికి కాస్త దిగువన, శనగబద్దంత మచ్చ ఒకటి ఉందేమో చూసుకోండి. మన దేశంలో పుట్టిన పిల్లల్లో చాలామందికి ఉంటుంది. పుట్టిన కొత్తలో వేసిన బి.సి.జి. టీకా తాలూకు గుర్తు అది. క్షయ నుంచి, ముఖ్యంగా పసిపిల్లల మెదడు పొరలకు సోకే భయంకరమైన క్షయ నుంచి కాపాడేందుకు ఆ టీకా వేస్తారు.

ఆ మచ్చ సూది చేసినది కాదు. సూది గుచ్చిన చోటు ఒకటి రెండు రోజుల్లోనే కనబడకుండా పోతుంది. రెండు మూడు వారాలు గడిచాక అక్కడ చిన్న పొక్కు లేస్తుంది. అది చితికి, పుండై, మెల్లగా మాని మచ్చ మిగులుతుంది. ఈ పనంతా చేసేవి మీ ఒంట్లోని కణాలే. టీకాతో లోపలికి వచ్చిన క్రిములను అవి చుట్టుముట్టి అణచివేసిన చోటు అది. పాత యుద్ధభూమి అన్నమాట.

బి.సి.జి.లో ఉండేవి చచ్చిన క్రిములు కావు, బతికున్నవే. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పశువుల క్షయ క్రిమిని తీసుకొని 1908 నుంచి 1921 దాకా, పదమూడేళ్ళపాటు, పైత్యరసంలో ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద 230 సార్లు మార్చి మార్చి పెంచారు. అలా పెంచగా పెంచగా దానికి జబ్బు చేసే శక్తి పోయింది. కోరలు పీకిన పాములాంటిది ఈ టీకా క్రిమి. కోట్లమంది పిల్లలకు దీనిని వేశారు, వేస్తున్నారు. కాని చాలా అరుదుగా ఎక్కడో ఒక బిడ్డకు ఆ పొక్కు మానదు. చీము కారుతూనే ఉంటుంది. చంకలో గడ్డలు కడతాయి. క్రిమి ఒళ్ళంతా పాకుతుంది. కోరలు లేని పామే ఆ బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది.

తప్పు టీకాది కాదు. అదే సీసాలోని మందు అదే రోజు వేయించుకున్న మిగతా పిల్లలు హాయిగా ఆడుకుంటూ ఉంటారు. తేడా ఆ బిడ్డలోనే ఉంది. ఆ తేడా ఏమిటో తెలుసుకోవడానికి ముందు మనం ఒకసారి మదనపల్లె వెళ్ళిరావాలి.

ఆరోగ్యవరం కొలతలు

హార్స్లీ హిల్స్ ఘాటు రోడ్డు దిగి మదనపల్లె చేరితే, ఊరికి కొద్ది మైళ్ళలోనే ఆరోగ్యవరం ఉంది. ఊరి పేరే చెబుతోంది కదా, ఆరోగ్యం కోసం వెలసిన ఊరని! సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి, చల్లని రాత్రులు. క్షయకు మందులు లేని కాలంలో గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే వైద్యం. అందుకే అనేక క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో ఇక్కడ క్షయ సానటోరియం మొదలుపెట్టాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ అనే డాక్టరు దానిని తీర్చిదిద్దాడు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైనప్పుడు, తొలుత వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి.

ఆ తర్వాత జరిగిన పని ఇంకా గొప్పది. 1950 నుంచి యొహానెస్ ఫ్రిమొట్ మోలర్, ఆయన తోటి వైద్యులు మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జనానికి ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేశారు. క్షయ క్రిముల నుంచి తీసిన ప్రోటీనును ఒక్క బొట్టు చేతి చర్మంలోకి ఎక్కించి, రెండు మూడు రోజుల తర్వాత వచ్చి చూడడమే ఆ పరీక్ష. అంతకుముందు ఎప్పుడైనా క్షయ క్రిమి ఒంట్లో ప్రవేశించి ఉంటే ఆ చోట ఎర్రగా, గట్టిగా ఉబ్బుతుంది. లేకపోతే ఏమీ ఉండదు. ఉబ్బు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలిచి రాసుకుంటారు. ఉబ్బు రానివారిలో కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా ఉంచి, ఎవరికి జబ్బు వస్తోందో ఏళ్ళ తరబడి గమనించారు. ఆ ఫలితాలు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. మదనపల్లె పల్లెల పేరు ప్రపంచమంతటా క్షయ వైద్యులకు తెలిసింది అలాగే.

ఇక్కడొక తమాషా ఉంది. స్కేలు పట్టుకొని ఆ ఉబ్బులను కొలుస్తున్నప్పుడు, ఉబ్బు తెప్పించే కణం పేరేమిటో, అది ఎక్కడ తయారవుతుందో ప్రపంచంలో ఎవరికీ తెలియదు! ఆ సంగతి బయటపడింది 1960 తర్వాతే.

మరో చిక్కు ప్రశ్న కూడా అప్పటినుంచే ఉంది. క్షయ క్రిమి సోకిన వందమందిలో జీవితకాలం మొత్తం మీద జబ్బు పడేవారు ఐదు నుంచి పదిమంది మాత్రమే. మిగతావారి ఒళ్ళు దానిని అణచిపెట్టి ఉంచుతుంది. 1930లో జర్మనీలోని ల్యూబెక్ నగరంలో ఘోరమైన పొరపాటు జరిగింది. టీకా మందులో అసలైన క్షయ క్రిములు కలిసిపోయాయి. దాదాపు 250 మంది పసికందులకు దానిని పట్టారు. 72 మంది చనిపోయారు. కాని ఎక్కువమంది బతికి బయటపడ్డారు. అందరికీ ఒకే మోతాదు పడలేదన్నది నిజమే, కాని అదొక్కటే మొత్తం కారణం అనిపించదు. తిండి చాలకపోవడం, ఇరుకు ఇళ్ళు, పొగ, చక్కెర వ్యాధి — క్షయ ముదరడానికి ఇవన్నీ కారణాలే. నిజానికి ఎక్కువమంది విషయంలో ఇవే పెద్ద కారణాలు. అయితే కొద్దిమందిలో కారణం ఇంకా లోతుగా, పుట్టకముందే రాసి ఉన్న జన్యువుల్లో ఉంటుంది. మనకు కావలసింది ఆ కొద్దిమంది కథే. ఎందుకంటే మన ఒంటి కాపలా ఎలా తయారవుతుందో శాస్త్రజ్ఞులకు ఎక్కువగా నేర్పింది వాళ్ళే.

కోడిపెట్ట నేర్పిన పాఠం

రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలు ఉంటాయని పాఠంలో చదివే ఉంటారు. రెండూ పుట్టేది ఎముకల లోపలి మూలుగలోనే. అక్కడ మూలకణాలనేవి ఉంటాయి. కుండలు చేసేవాడి సారె మీది మట్టిముద్ద ఇంకా కుండా కాదు, మూకుడూ కాదు. మూలకణమూ అంతే. దాని పిల్లలు ఏ దారిన పోతే ఆ కణంగా మారతాయి. కొన్ని క్రిములను మింగే భక్షక కణాలవుతాయి. కొన్ని లింఫోసైట్లనే గుండ్రని చిన్న కణాలవుతాయి. ఒక్కో మలుపు దగ్గర ఒక్కో జన్యువు పని చేయాలి. ఒకటి పనిచేయకపోతే ఆ దారి అక్కడితో మూతపడుతుంది.

లింఫోసైట్లలో రెండు రకాలున్నాయని తెలియడానికి ఒక కోడి కారణం. కోడికి వెనుకభాగంలో, రెట్టదారి పక్కన, చిన్న సంచిలాంటి అవయవం ఉంటుంది. ఎందుకుందో ఎవరికీ తెలియదు. అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కోడిపిల్లల్లో దానిని కోసి తీసేశాడు. కోళ్ళు మామూలుగానే పెరిగాయి. తరగతిలో పాఠం కోసం అతని మిత్రుడు చాంగ్ ఆ కోళ్ళకు క్రిముల పదార్థం ఎక్కించి చూస్తే, వాటి రక్తంలో ప్రతిరక్షకాలు తయారవలేదు! ఈ సంగతి రాసి పంపితే పెద్ద పత్రిక తిప్పి పంపింది. 1956లో కోళ్ళ పెంపకం మీద వచ్చే ఒక పత్రికలో అచ్చయింది. ఇప్పుడు దానిని చదవని రోగనిరోధక శాస్త్రజ్ఞుడు లేడు. ప్రతిరక్షకాలను తయారుచేసే లింఫోసైట్లకు ‘బి’ కణాలని పేరు రావడం ఆ సంచి పేరులోని మొదటి అక్షరం వల్లనే. మనకు ఆ సంచి లేదు. మనలో ఆ పని ఎముక మూలుగలోనే జరుగుతుంది.

రెండో రకం లింఫోసైట్లు మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథికి వెళ్ళి అక్కడ శిక్షణ పొందుతాయి. వీటికి ‘టి’ కణాలని పేరు. 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో ఈ గ్రంథిని తీసేసి చూశాడు. అవి అంటురోగాలతో చనిపోయాయి. మదనపల్లె పల్లెల్లో చేతుల మీద ఉబ్బు తెప్పించినవి, మీ భుజం మీది పొక్కును లేపినవి ఈ ‘టి’ కణాలే. అవి స్వయంగా క్రిములను మింగవు. సోకిన కణాలను గుర్తుపట్టి చంపడం, తక్కిన కణాలను పిలిచి పురమాయించడం వాటి పని.

ఒక దారి మూతపడితే

1952లో అమెరికా సైనిక ఆస్పత్రిలో ఆగ్డెన్ బ్రూటన్ అనే పిల్లల డాక్టరు దగ్గరికి ఎనిమిదేళ్ళ బాలుడిని తీసుకొచ్చారు. నాలుగేళ్ళలో పంతొమ్మిదిసార్లు వాడికి రక్తంలో క్రిములు చేరి ప్రాణం మీదికి వచ్చింది. రక్తంలోని ప్రోటీనులను విద్యుత్తుతో వేరుచేసి చూసే యంత్రం అప్పుడే కొత్తగా వచ్చింది. బ్రూటన్ ఆ బాలుడి రక్తాన్ని పరీక్ష చేయించాడు. ప్రతిరక్షకాలు ఉండవలసిన చోట ఏమీ లేదు! యంత్రం చెడిపోయిందేమోనని మొదట అనుమానించారట. మరొకరి రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలను సూదిమందుగా ఇస్తూ పోతే బాలుడు కోలుకున్నాడు. తయారుచేసే కణాలు లేకపోతే తయారైన సరుకునే ఇవ్వవచ్చునని తేలింది. ఇప్పటికీ ఈ జబ్బుకు ఇదే వైద్యం.

లోపం ఎక్కడుందో 1993లో తెలిసింది. ఎక్స్ క్రోమోజోము మీది ఒక జన్యువు చెడితే ‘బి’ కణాలు మూలుగలో సగందాకా పెరిగి అక్కడే ఆగిపోతాయి. మగపిల్లలకు ఎక్స్ క్రోమోజోము ఒకటే కనుక జబ్బు వారికే వస్తుంది. ఆడపిల్లలకు రెండోది ఆదుకుంటుంది. ఇంకో విశేషం: ఇలాంటి బిడ్డలు పుట్టిన వెంటనే జబ్బు పడరు. ఐదారు నెలలదాకా బాగానే ఉంటారు. కడుపులో ఉన్నప్పుడు తల్లి రక్తం నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు అన్నాళ్ళూ కాపు కాస్తాయి. అమ్మ ఇచ్చిన మూట ఖర్చయ్యాక చెవిలో చీము, న్యుమోనియా ఒకదాని వెంట ఒకటి మొదలవుతాయి.

‘టి’ కణాల దారి మూతపడితే వ్యవహారం ఇంకా ప్రమాదం. ‘టి’ కణాలు పురమాయించకపోతే ‘బి’ కణాలు ఉన్నా సరిగా పనిచేయవు. కనుక రెండు చేతులూ విరిగినట్టే. ఈ దారి మూతపడడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం చెబుతాను. అది మరీ విడ్డూరమైనది. మన జన్యువుల సంఖ్య సుమారు ఇరవైవేలు. కాని మన లింఫోసైట్లు గుర్తుపట్టగలిగే క్రిముల ఆకారాలు కోట్లకొద్దీ. ఇరవైవేల జన్యువులతో కోట్ల తాళంచెవులు ఎలా చేస్తాయి? ఎదుగుతున్న ప్రతి లింఫోసైటు తన డి.ఎన్.ఏ.లో కొన్ని ముక్కలను తానే కత్తిరించి, తన ఇష్టం వచ్చినట్టు అతికించుకుంటుంది. ఒక్కో కణం అతుకు ఒక్కో రకం. అందుకే ఒక్కోదాని తాళంచెవి వేరు. మిగతా ముక్కలు చిన్న ఉంగరాల్లా చుట్టుకొని పక్కన పడి ఉంటాయి. దర్జీ బట్ట కత్తిరిస్తే కింద పేలికలు పడతాయి చూడండి, అలా. కత్తెర పని చేసే జన్యువులు రెండున్నాయి. వాటిలో ఏది చెడినా ‘టి’ కణాలూ ఉండవు, ‘బి’ కణాలూ ఉండవు. ఈ పేలికల సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ పనికొస్తుంది.

‘టి’ కణాలు పెరగడానికి మరో సంగతి కూడా కావాలి. పెరగమని చెప్పే రసాయన సందేశాన్ని అందుకునే ఒక ప్రోటీను కణం పైపొరలో ఉండాలి. దాని జన్యువు కూడా ఎక్స్ క్రోమోజోము మీదే ఉంది. అది చెడ్డ బిడ్డే అమెరికాలోని టెక్సాస్‌లో 1971లో పుట్టిన డేవిడ్ వెటర్. అంతకు ముందే అతని అన్న ఇదే జబ్బుతో ఏడు నెలలకే చనిపోయాడు. అందుచేత డేవిడ్‌ను పుట్టిన క్షణాల్లోనే క్రిములు లేని ప్లాస్టిక్ గుడారంలో పెట్టారు. అన్నం, బట్ట, బొమ్మ, ఏదైనా క్రిములు చంపాకే లోపలికి. తల్లి కూడా గుడారానికి అమర్చిన చేతితొడుగుల్లోంచే ముట్టుకోవాలి. అలా పన్నెండేళ్ళు బతికాడు. సరిపోయే మూలుగ ఎవరిదీ దొరకలేదు. చివరికి 1983లో, పూర్తిగా సరిపోకపోయినా, అతని అక్క మూలుగను ఎక్కించారు. అందులో అప్పటి పరీక్షలకు దొరకని ఒక వైరసు దాగి ఉంది. ఆరోగ్యవంతులకు అది పెద్దగా హాని చేయదు. డేవిడ్‌లో దాన్ని ఆపేవాళ్ళు లేరు. 1984 ఫిబ్రవరిలో కాన్సర్‌తో చనిపోయాడు. అతని జన్యువులోని తప్పు ఏమిటో తెలిసేసరికి 1993 అయింది.

దిగలేని ప్రయాణికులు

కాపలా కణాలు పూర్తిగా తయారై కూడా పనికిరాకుండా పోవచ్చు. దీనికి మంచి ఉదాహరణ మనుషుల్లో కాక పశువుల్లో ఉంది. చిత్తూరు, పుంగనూరు, పలమనేరు వైపు పాడి ఎక్కువ కనుక ఆ ప్రాంతం పిల్లలకు ఈ సంగతి తప్పక పనికొస్తుంది.

నలుపు తెలుపు మచ్చల హోల్‌స్టీన్ ఆవులను మీరు చూసే ఉంటారు. అమెరికాలో 1952లో పుట్టిన ఒక మేలుజాతి హోల్‌స్టీన్ ఆంబోతు సంతతి పాలు బాగా ఇచ్చేది. దాంతో కృత్రిమ గర్భధారణ ద్వారా దాని సంతానం దేశదేశాలకు పాకింది. మనుమలు, మునిమనుమలు ఒకదానితో ఒకటి కలిశాక దూడలు వింతగా చనిపోవడం మొదలైంది. నోట్లో పుండ్లు, పళ్ళు ఊడడం, న్యుమోనియా, విరేచనాలు. చాలావరకు ఏడాది నిండకుండానే చనిపోయేవి. రక్తం పరీక్షిస్తే తెల్లకణాలు తక్కువ లేవు సరికదా, మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ!

మరి రక్తం నిండా సైన్యం ఉండి దూడ ఎందుకు చచ్చిపోతోంది? తెల్లకణం రక్తనాళంలో కొట్టుకుపోతూ, గాయం దగ్గరికి రాగానే నాళం గోడను పట్టుకొని ఆగాలి. తర్వాత సందులోంచి దూరి బయటికి రావాలి. పట్టుకోవడానికి దాని ఒంటిమీద ఒక కొక్కెంలాంటి ప్రోటీను ఉంటుంది. ఆ ప్రోటీనును తయారుచేసే జన్యువులో, వేలకొద్దీ అక్షరాల్లో, ఒక్క ‘ఎ’ ఉండవలసిన చోట ‘జి’ పడింది. అంతే, కొక్కెం లేదు. ఊళ్ళో ఇల్లు అంటుకుంది, మంటలార్పేవాళ్ళంతా బస్సులోనే ఉన్నారు, బస్సుకు మాత్రం బ్రేకు లేదు! ఈ ఒక్క అక్షరం తప్పును 1992లో కనిపెట్టారు. ఇప్పుడు మన దేశంలో కూడా హోల్‌స్టీన్ ఆంబోతులను గర్భధారణ కేంద్రాలకు తీసుకునేముందు రక్తం పరీక్షించి ఈ తప్పు ఉన్నవాటిని పక్కన పెడుతున్నారు. ఇది హోల్‌స్టీన్ జాతిలో పుట్టిన తప్పు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతున్న మన పొట్టి పుంగనూరు ఆవుకు దీనితో సంబంధం లేదు.

మనుషుల్లోనూ ఇదే కొక్కెం లోపిస్తుంది. అప్పుడు కనిపించే మొదటి గుర్తు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎప్పుడూ అడిగేదే: ‘బిడ్డకు బొడ్డు రాలిందా?’ మామూలుగా వారం, రెండు వారాల్లో బొడ్డు ఎండి రాలిపోతుంది. అది రాలాలంటే తెల్లకణాలు అక్కడికి చేరాలి. ఈ బిడ్డలకు నెల దాటినా రాలకపోవచ్చు. గాయమైతే చీము పట్టదు. చీమంటే చచ్చిన తెల్లకణాల కుప్పే కదా!

వినపడని కేక

ఇప్పుడు మళ్ళీ క్షయ దగ్గరికి వద్దాం. క్షయ క్రిమి మహా గడుసుది. భక్షక కణం మింగినా చావదు. దాని కడుపులోనే కాపురం పెడుతుంది. అప్పుడు ‘టి’ కణం వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని వదులుతుంది. ‘లోపల దొంగ ఉన్నాడు, చంపు’ అని కేక వేయడం లాంటిది అది. ఆ కేక వింటేనే భక్షక కణానికి ఊపు వస్తుంది. వినడానికి దాని పైపొరలో చెవిలాంటి ప్రోటీను ఒకటి ఉంటుంది.

1996లో రెండు వైద్య బృందాలు ఒకేసారి ఒక సంగతి బయటపెట్టాయి. మాల్టా దీవికి చెందిన కొందరు పిల్లలు క్షయ క్రిమికి దాయాదులైన, మామూలుగా మనకు ఏ హానీ చేయని మట్టిలోని, నీటిలోని క్రిములతో జబ్బుపడ్డారు. ట్యునీసియాకు చెందిన ఒక పసిబిడ్డ బి.సి.జి. టీకా క్రిమి ఒళ్ళంతా వ్యాపించి చనిపోయింది. వాళ్ళ ‘టి’ కణాల లెక్క సరిగానే ఉంది, ప్రతిరక్షకాలూ ఉన్నాయి. భక్షక కణాలకు ఆ చెవి ఒక్కటే లేదు. చాలా వైరసులను వాళ్ళు మనలాగే తట్టుకోగలరు. క్షయ కుటుంబం క్రిములు వస్తే మాత్రం చతికిలబడతారు. ఏ గోడలో ఏ ఇటుక లేదో తెలిస్తే ఏ దొంగ దూరతాడో ముందే చెప్పవచ్చన్నమాట. ‘బి’ కణాలు లేకపోతే చీముపట్టించే బాక్టీరియా, ‘టి’ కణాలు లేకపోతే వైరసులు, బూజు, క్షయ, బి.సి.జి. అన్నీ.

మేనరికాల లెక్క

ఇలాంటి లోపాల్లో చాలావాటికి అంతర్గత లోపాలని పేరు. ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుంటాయి. తల్లి ఇచ్చినది ఒకటి, తండ్రి ఇచ్చినది ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. రెండూ చెడితేనే జబ్బు. ఒక చెడ్డ ప్రతి ఉన్నవారు ఆరోగ్యంగానే ఉంటారు, తమలో అది ఉందని వాళ్ళకే తెలియదు.

మన రాష్ట్రంలో మేనత్త కొడుకును, మేనమామ కూతురిని, అక్క కూతురిని చేసుకోవడం తరతరాల ఆచారం. లెక్క వేసి చూద్దాం, పెన్సిలు తీసుకోండి. ఒక అవ్వలో ఒక చెడ్డ ప్రతి ఉందనుకుందాం. అది ఆమె కొడుక్కి వచ్చే అవకాశం రెండింట ఒకటి. కూతురికీ అంతే. కూతురి కూతురికి నాలుగింట ఒకటి. ఆ కొడుకు అక్క కూతురినే చేసుకుంటే, ఇద్దరిలోనూ ఆ చెడ్డ ప్రతి ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. అప్పుడు పుట్టే బిడ్డకు రెండు చెడ్డ ప్రతులూ రావడానికి మళ్ళీ నాలుగింట ఒకటి. మొత్తం 32లో ఒకటి. అదే పిల్ల బయటి సంబంధం చేసుకుంటే? బయటివారిలో 200 మందికి ఒకరిలో ఆ చెడ్డ ప్రతి ఉందనుకుందాం. అప్పుడు నాలుగింట ఒకటి, 200లో ఒకటి, నాలుగింట ఒకటి కలిపి హెచ్చవేస్తే 3200లో ఒకటి. నూరు రెట్ల తేడా!

దీనిని చదివి మేనరికం చేసుకున్న మీ అమ్మానాన్నల మీద విరుచుకుపడకండి. అవ్వలో చెడ్డ ప్రతి ఉంటేనే ఈ లెక్క. మేనరికపు జంటల్లో ఎక్కువమందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు. పైగా డేవిడ్‌కు, బ్రూటన్ చూసిన బాలుడికి వచ్చినలాంటి ఎక్స్ క్రోమోజోము లోపాలకు మేనరికంతో పనే లేదు. కాని ఒక ఇంట్లో పసిబిడ్డలు వరసగా చనిపోతూ ఉంటే ‘దిష్టి’ అనో, ‘అమ్మవారి కోపం’ అనో సరిపెట్టుకోవడం ప్రమాదం. వచ్చే బిడ్డకు అదే జరగవచ్చు.

ఆదుకునే దారి ఉంది. 1968లో అమెరికాలో రాబర్ట్ గుడ్ అనే వైద్యుడు ‘టి’ కణాలు లేని ఐదు నెలల మగబిడ్డకు అతని అక్క మూలుగ ఎక్కించాడు. కొత్త మూలకణాలు ఎముకల్లో స్థిరపడి కొత్త కాపలాను తయారుచేశాయి. బిడ్డ బతికాడు. మన చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రిలో మూలుగ మార్పిడి 1986లోనే మొదలైంది. 1990 నుంచి చెడ్డ జన్యువు బదులు మంచి జన్యువునే కణాల్లోకి ఎక్కించే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. కొన్ని ఫలించాయి, కొన్ని మొదట్లో రక్తపు కాన్సరు తెచ్చిపెట్టాయి.

ఏ దారైనా వేళకు పట్టుకోవాలి. ఉత్తర అమెరికాలోని 25 కేంద్రాల్లో ఇలాంటి 240 మంది పసిబిడ్డల లెక్క 2014లో వచ్చింది. మూడున్నర నెలల లోపే మూలుగ మార్పిడి జరిగిన వారిలో ఐదేళ్ళకు 94 శాతం బతికి ఉన్నారు. ఆ వయసు దాటి, ఏదో ఒక అంటురోగం ఒంట్లో ఉండగా చేయించుకున్న వారిలో బతికినవారు సగమే. కనుక జబ్బు రాకముందే కనిపెట్టాలి. ఇక్కడే దర్జీ పేలికలు పనికొస్తాయి. పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన ఒక రక్తపుచుక్కలో ఆ డి.ఎన్.ఏ. ఉంగరాలు ఎన్నున్నాయో లెక్కపెడతారు. పేలికలు పడి ఉంటే లోపల దర్జీ పని చేస్తున్నాడు, ‘టి’ కణాలు తయారవుతున్నాయి. ఒక్కటీ లేకపోతే కొట్టు మూసి ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2008లో దీనిని పుట్టిన ప్రతి బిడ్డకూ చేయడం మొదలుపెట్టారు. పదేళ్ళలో అక్కడి అన్ని రాష్ట్రాలకూ పాకింది.

మన దేశంలో ఇది ఇంకా పుట్టిన ప్రతి బిడ్డకూ చేసే పరీక్ష కాదు. బి.సి.జి. మాత్రం పుట్టిన వెంటనే వేస్తారు, వేయాలి కూడా. క్షయ ఇంత ఉన్న చోట అది ఆలస్యం చేయదగిన టీకా కాదు. అయితే ఆ కుటుంబంలో అంతకు ముందు బిడ్డ ఎవరైనా అంటురోగాలతో నెలల వయసులో పోయి ఉంటే, లేదా ఒకరికి బి.సి.జి. పుండు మానక గడ్డలు కట్టి ఉంటే, ఆ మాట టీకా వేయకముందే డాక్టరుకు చెప్పాలి. అప్పుడు ఆయన టీకా కొన్నాళ్ళు ఆపి, ముందు రక్తంలో లింఫోసైట్లను లెక్క వేయిస్తాడు. పసిబిడ్డలో ఘన మిల్లీమీటరుకు అవి సుమారు 3000 కన్నా తక్కువ ఉంటే అనుమానించవలసిందే. ఆ లెక్కకు డి.ఎన్.ఏ. యంత్రాలు అక్కర్లేదు. మదనపల్లెలోనైనా, కుప్పంలోనైనా ఆస్పత్రి ప్రయోగశాలలో రోజూ చేసే మామూలు రక్తపరీక్షలోనే అది ఉంటుంది.